అరువు దుప్పట్లు

వాన్‌చాయ్, హాంకాంగ్
మే, 1966

అత్తయ్యకు యిన్ నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ కోడలు వాయ్-చింగ్‌కి మళ్ళీ ఆరో నెల. ఐదో అంతస్తు ఎక్కి వచ్చేసరికి గోడ పట్టుకుని కాసేపు నిలబడుతోంది. బుజ్జిది కొండమీద మామ్మ ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంది.

ఛింగ్‌మింగ్ పెద్దల పండగ సెలవుకి వస్తానని మాటిచ్చి రాలేకపోయాను. కోపం తెచ్చుకోకు. ఆఫీసులో నన్ను ఒక కొత్త పనిలో పడేశారు. పనిచేసేవాళ్ళ జీతంలోంచి నెలనెలా కొంత, వాళ్ళ యజమాని దగ్గర్నుంచి కొంత చందాగా తీసి ఒకచోట దాచి, జబ్బు చేసినప్పుడూ వయసు మళ్ళినప్పుడూ తిరిగి వాళ్ళకే ఇస్తే ఎలా ఉంటుందని ఆలోచించడానికి సర్కారు ఒక కమిటీ వేసింది. దానికి పెద్ద విట్లాక్ దొర. మాట్లాడేవాళ్ళు చాలామంది. రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. పొద్దుపోయి ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే నిద్రపోతున్నాను.

మొదటి సమావేశంలోనే నూలు మిల్లుల ఫాన్ గారు బల్ల గుద్ది చెప్పారు. "మన చైనావాళ్ళు జీతంలోంచి సర్కారుకి చందా కడతారా? కలలో మాట! మనకి కొడుకులే బీమా."

విట్లాక్ దొర నా వైపు తిరిగాడు. నన్ను ఇంటిపేరుతోనే పిలుస్తాడు. "లుయ్, నువ్వు చెప్పు. నిజమేనా?"

గుమాస్తాని మాట్లాడమంటే ఏం మాట్లాడతాను? కానీ నోరు ఆగలేదు. "కొడుకులు లేనివాళ్ళు ఉన్నారు సార్. మా మేనత్తా ఆవిడ స్నేహితురాళ్ళూ ఏళ్ళ తరబడి చందాలు కట్టుకుని ఒక శాల నడుపుతున్నారు" అన్నాను. గదిలో అందరూ నన్నే చూశారు. ఆ సంగతంతా కాగితం మీద పెట్టమన్నారు.

అందుకే అడుగుతున్నాను. మీ శాల ఎలా నడుస్తుందో నీకు తోచినట్టు రాసి పంపు. దీనివల్ల మంచి జరుగుతుందని నా ఆశ. నువ్వూ నీలాంటివాళ్ళూ ఇళ్ళల్లో చేసిన చాకిరీకి కూడా రేపు ఒక విలువ వస్తుంది.

నీకు మా ఇంట్లో మంచం ఎప్పుడూ వేసే ఉంటుంది. ఇది ప్రతి ఉత్తరంలోనూ రాస్తాననీ నువ్వు ప్రతిసారీ వద్దంటావనీ తెలుసు.

నీ
పాక్-యిన్

*

లాన్‌టావ్ దీవి, ముయ్‌వో పై కొండ
జూన్, 1966

చిరంజీవి యిన్‌ని దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. పోస్టాయన దాన్ని ఎండుచేపల సంచిలో వేసుకొచ్చాడు. శాకాహార శాలలోకి ఆ కంపు మోసుకొచ్చానని అందరూ నా మీద పడ్డారు. "సర్కారు ఉత్తరం, ముక్కు మూసుకోండి" అన్నాను.

కోపం దేనికిరా? నిన్ను చదివించింది ఆఫీసులో కూర్చోబెట్టడానికే గానీ కొండలెక్కించడానికి కాదు. కానీ చొక్కా విప్పకుండా పడుకోవడం మాత్రం మానుకో. ఇస్త్రీ చేసే చెయ్యి వాయ్-చింగ్‌ది.

మా సంగతి అడిగావు. నీకు తెలిసిందే, అయినా దొరగారి కోసం మొదట్నుంచీ చెప్తా. షున్‌తాక్‌లో మా పట్టుపురుగుల ఊళ్ళలో పెళ్ళొద్దనుకున్న పిల్ల కరుణగల దేవత కున్‌యామ్ తల్లి విగ్రహం ముందు కూర్చుని, జడ విప్పి, తన కొప్పు తనే ముడుచుకునేది. ఆ రోజు నుంచి ఆమెకి మొగుడు లేడు, అత్తగారి పోరు లేదు, పుట్టిల్లు కూడా సగమే. పండక్కి వచ్చి తినచ్చు. చావడానికి మాత్రం వీల్లేదు. పెళ్ళికాని ఆడదాని దయ్యం అన్నదమ్ముల ఇంటికి అరిష్టమని మావాళ్ళ నమ్మకం. అందుకే నీ మంచం నాకొద్దు. నువ్వు నా అన్న కొడుకువి.

కాబట్టి మా చావు సంగతి మేమే ముందుగా చూసుకున్నాం. హాంకాంగ్ వచ్చి దొరల ఇళ్ళలో, సేట్ల ఇళ్ళలో వంటలకీ పిల్లల్ని పెంచడానికీ కుదిరాం. జీతం చేతికి రాగానే మొదటి వాటా శాలకి. తరవాతే ఇంకెవరికైనా. ఓపిక అయిపోయినవాళ్ళు కొండెక్కి వచ్చి ఇక్కడ ఉంటారు. ఒక గది, రెండు పూటలా అన్నం, మందులు, చివర్లో శవపెట్టె, అగరొత్తి వెలిగించే చెయ్యి. కింద ఇంకా పనిచేస్తున్న చెల్లెళ్ళు ఇచ్చేదాంతో పైన ఉన్న అక్కలు బతుకుతారు. ఆ చెల్లెళ్ళ వంతు వచ్చినప్పుడు ఇంకొకరు ఇస్తారు. ఇందులో పెద్ద చదువు అక్కర్లేదు.

అంతా బాగా సాగుతోంది. మా అందరిలోకీ పెద్దదైన కమ్-సో అక్క నోరు ఇంకా గట్టిగానే ఉంది, మొన్న టోఫులో ఉప్పు తక్కువైందని నన్ను పనిదాన్ని తిట్టినట్టు తిట్టింది. ఈ నెల వానలకి వెనక గది కప్పు కాస్త కారింది, చూసుకుంటున్నాం. దొరగారికి మా గురించి బాగా రాయి. మాకు ఎవరి దగ్గరా చెయ్యి చాపే అవసరం రాలేదని రాయి.

మీ అత్త
తోయ్-హా

*

వాన్‌చాయ్
ఆగస్టు, 1966

అత్తయ్యకు నమస్కారాలు.

మగపిల్లవాడు పుట్టాడు. తల్లీ బిడ్డా బాగున్నారు. నువ్వు పంపిన అల్లం అందింది. దాన్ని తీపి సిరకాలో ఉడకబెడుతుంటే మెట్ల మీద వెళ్ళేవాళ్ళంతా "ఎవరికి కాన్పు?" అని అడిగారు.

మీ శాల గురించి నేను రాసింది విట్లాక్ దొర రెండుసార్లు చదివాడట. ఇంతవరకూ కమిటీలో అందరూ ఇంగ్లండు గురించీ సింగపూర్ గురించీ మాట్లాడినవాళ్ళే. "మన ముంగిట్లో ఇలాంటిది ఉందని ఎవరూ చెప్పలేదేం?" అన్నాడు. ఫాన్ గారు మాత్రం మూతి ముడిచారు.

నా వాదన ఒక్కటే. చదువు లేని పనివాళ్ళు, కాగితం మీద సంతకం లేకుండా, ఒకరినొకరు నమ్మి ఇన్నేళ్ళు చందా కట్టారంటే, సర్కారు పూచీ మీద ఫ్యాక్టరీ పనివాళ్ళు ఎందుకు కట్టరు? పథకం ముసాయిదాలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని కూడా చేర్చాను. అది చదివినప్పుడల్లా అలసట కొంచెం తగ్గుతుంది.

అలసట మాత్రం నిజమే. ఒక మాట మీద ఒక పూటంతా గడుస్తుంది. "అవసరం" అనాలా, "అవసరమైతే" అనాలా అని తగువు. భోజనం అయ్యాక మళ్ళీ మొదటికొస్తుంది.

అసలు సంగతి, విట్లాక్ దొర మీ శాల చూస్తానంటున్నాడు. శరదృతువు పండగ వెళ్ళాక ఒక రోజు నేనే తీసుకొస్తాను. హడావుడి ఏమీ పెట్టుకోకండి, ఉన్నది ఉన్నట్టు చూస్తే చాలు.

నీ
యిన్

*

లాన్‌టావ్ దీవి
సెప్టెంబరు, 1966

చిరంజీవి యిన్‌కి,

మనవడికి నా దీవెనలు. వాడి పేరులో నీటికి సంబంధించిన అక్షరం ఒకటి ఉండేలా చూడు, పుట్టింది ఎండల్లో.

దొరగారు ఈ కొండెక్కడం దేనికిరా? మేమేమన్నా తిరనాళ్ళ బొమ్మలమా? దారి బాగాలేదు, మొన్నటి వానకి రాళ్ళు దొర్లిపడ్డాయి. ఆయన కాలు బెణికితే నీ ఉద్యోగానికి ముప్పు. నువ్వు రాసింది చాలదూ?

పై ముక్క నిన్న రాశాను. ఇవాళ అందరం కూర్చుని మాట్లాడుకున్నాం. రానివ్వకపోతే మనమేదో దాస్తున్నామనుకుంటారు అంది కమ్-సో అక్క. సరే, రండి. అయితే చెప్పకుండా రాకండి. ఏ రోజో ముందే రాయి. మాంసం తిన్న నోటితో రావద్దని ఆయనకి నెమ్మదిగా చెప్పు. ఉల్లి, వెల్లుల్లి కూడా.

మీ అత్త

*

వాన్‌చాయ్
నవంబరు, 1966

అత్తయ్యకు నమస్కారాలు.

వచ్చి వెళ్ళాక వెంటనే ఉత్తరం రాయనందుకు క్షమించు.

ఆ రోజు భోజనం గురించి దొర ఇంకా చెప్తూనే ఉన్నాడు. ఆ పుట్టగొడుగుల కూర మాంసం కాదంటే నమ్మలేదు. దిగేటప్పుడు మోకాళ్ళు నొప్పి పుట్టి రాయి మీద కూలబడి కూడా నవ్వుతూనే ఉన్నాడు. పడవలో నాతో ఏమన్నాడో తెలుసా? "లుయ్, ఇంత తృప్తిగా ఉన్న ముసలివాళ్ళని నేను మా ఊళ్ళో కూడా చూడలేదు. తెల్లటి గదులు, దళసరి దుప్పట్లు, బస్తాల నిండా బియ్యం. వీళ్ళకి మనం నేర్పేదేముంది?"

అవునన్నాను. ఇంకేమంటాను?

కమ్-సో అక్క ఆ రోజు కనపడలేదేం? అడుగుదామనుకునేసరికి నువ్వు టీ పోస్తూ మాట మార్చావు. నువ్వు చిక్కిపోయావని కూడా అనిపించింది. కొండ గాలి అన్నావు.

కమిటీ పని నడుస్తోంది. ఇలాంటివి అనుకున్నంత తొందరగా తేలవు. నా పిల్లవాడికి దగ్గు, వాయ్-చింగ్‌కి నిద్ర లేదు. మిగతా సంగతులు తీరిగ్గా రాస్తాను.

నీ
యిన్

*

లాన్‌టావ్ దీవి
జనవరి, 1967

చిరంజీవి యిన్‌కి,

కొత్త సంవత్సరం దగ్గరికొస్తోంది. ముల్లంగి రొట్టె చేసి పంపుదామంటే బియ్యప్పిండి విసరడానికి చేతుల్లో బలం చాలడంలేదు. ఈసారికి కొనుక్కోండి.

పిల్లవాడి దగ్గుకి నారింజ తొక్క పాతది, బాగా నల్లబడ్డది, ఉడికించి ఆ నీళ్ళు పట్టించు. కమ్-సో అక్క ఆ రోజు ఒంట్లో నలతగా ఉండి పడుకుంది. అంతే.

నీ తీరిక ఇంకా రాలేదు కాబోలు. తీరిగ్గా రాస్తానన్నవాడివి మూడు ముక్కలు కూడా రాయలేదు. ఇక్కడ నన్ను కూర్చోనివ్వడం లేదురా. కింద ఇళ్ళల్లో పనిచేసే మా చెల్లెళ్ళు సెలవు రోజున వచ్చి, "తోయ్ అక్కా, మీ మేనల్లుడి చందా ఎప్పుడు మొదలు? మమ్మల్ని కూడా చేర్చాడన్నావుగా!" అని ఒకటే పీక్కుతినడం. నాకు మాత్రం గర్వంగా ఉండదూ? త్వరలోనే అన్నాను.

మిడ్‌లెవెల్స్‌లో దొరల ఇళ్ళల్లో పనిచేసే ముగ్గురు పిల్లలు, పిల్లలంటే యాభై దగ్గరపడ్డవాళ్ళేలే, ఒక సంగతి అడిగారు. సర్కారుకొకటి, శాలకొకటి రెండు చందాలు ఎక్కడ కట్టగలమక్కా, ఊళ్ళో అన్నదమ్ములకి నూనె, బియ్యం కూడా పంపాలి కదా అన్నారు. నిజమే అనిపించింది. శాలకి మానెయ్యండి, సర్కారుదైతే మీకు చివరిదాకా గట్టిగా ఉంటుంది, మేం ఎలాగో నెట్టుకొస్తాం అని చెప్పాను. పండగ నుంచి మానేస్తున్నారు. మంచి పనే చేశాను కదా?

మీ అత్త

*

వాన్‌చాయ్
ఫిబ్రవరి, 1967

అత్తయ్యా,

ఈ ఉత్తరం అందిన వెంటనే ఆ ముగ్గురికీ కబురు పెట్టు. శాలకి ఇచ్చేది మానవద్దని చెప్పు. కాళ్ళమీద పడి అయినా ఒప్పించు.

పథకంలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు లేరు. నవంబరులోనే తీసేశారు. నీకు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. తీరిక లేదన్నది అబద్ధం.

తీసేయడం వరకే అయితే ఏదో ఒకటి చేద్దామనుకున్నాను. కానీ మీ కొండ దిగి వచ్చిన వారానికి సమావేశంలో విట్లాక్ దొర స్వయంగా చెప్పాడు. "నేను కళ్ళారా చూశాను. ఇక్కడివాళ్ళు తమ ఏర్పాట్లు తాము చేసుకుంటున్నారు. మనం తొందరపడి చెయ్యి పెడితే అవి చెడిపోతాయి." ఫాన్ గారు కుర్చీలో వెనక్కి వాలి, "నేను మొదటి రోజే చెప్పాను కదండీ! సొంతంగా ఇంత చక్కగా నడుపుకునేవాళ్ళ మీద మన చందా రుద్దడం దేనికి?" అన్నారు. మిగతావాళ్ళు తలలూపారు. అందరికీ ఇంటికి వెళ్ళాలని ఉంది.

నేను లేచి, "సార్, ఆ శాల ఉందని రాసింది చందా కడతారని చూపించడానికి. పథకం అక్కర్లేదని చూపించడానికి కాదు" అన్నాను.

"రెండూ ఒకటే కాదా లుయ్?" అన్నాడు దొర. వెటకారంగా కాదు. నిజంగానే అడిగాడు.

ఇప్పుడు నివేదికలో మీ శాల గురించి ఒక పేరా ఉంది. స్థానికుల సొంత ఏర్పాట్లు చక్కగా సాగుతున్నందున చందా పథకాన్ని ఇంకా లోతుగా పరిశీలించాలి అని ముగుస్తుంది. లోతుగా పరిశీలించడమంటే మా భాషలో పక్కన పెట్టడం. ఆ పేరాని చక్కటి ఇంగ్లీషులో దిద్ది రాసింది నేనే. దిద్దకపోతే ఇంకొకడు దిద్దేవాడు, నిజమే.

మీ శాల తలుపు చూపించి పథకం తలుపు మీకే మూశారు. దారి చూపింది నేను.

యిన్

*

లాన్‌టావ్ దీవి
మార్చి, 1967

యిన్,

నీ ఉత్తరం చదివాను. మొదట నీ మీద కోపం వచ్చింది. నవంబరు నుంచీ నోరు మూసుకుని కూర్చుంటావా? తరవాత ఆ కోపం నా మీదికి తిరిగింది. కాబట్టి నేను చెప్పేది కూడా విను.

దొర చూసిన దుప్పట్లు మావి కావు. కింది సన్యాసినుల మఠం నుంచి అరువు తెచ్చాం. బియ్యం బస్తాలూ వాళ్ళవే, ముందు వరసలో బియ్యం, వెనక వరసలో ఊక. గదులకి సున్నం వేసింది నేనూ ఇంకో ఇద్దరం, నిచ్చెన ఎక్కి. అందుకే చిక్కాను. కొండ గాలి కాదు.

వెనక గది కప్పు కారలేదురా. కూలింది. నువ్వు శాల సంగతి అడిగిన ఆ జూన్ వానలకే కూలింది. కమ్-సో అక్క తుంటి ఎముక విరిగింది అక్కడే. అప్పట్నుంచీ మంచం మీదే ఉంది. దొర వచ్చిన రోజు ఆమెని తలుపుచెక్క మీద పెట్టి మఠానికి మోసుకెళ్ళాం. దారంతా తిడుతూనే ఉంది. "నన్ను చచ్చాక మొయ్యమంటే బతికుండగానే మోస్తున్నారేం?" అని. మూలుగు వినపడకూడదని మఠంలో వాళ్ళని గంట గట్టిగా కొట్టమన్నాం. మీ దొర ఆ గంట విని ఎంత ప్రశాంతంగా ఉందో అన్నాడు, గుర్తుందా?

కొత్తగా కొప్పు ముడుచుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఆడపిల్లలంతా ప్లాస్టిక్ పువ్వుల ఫ్యాక్టరీలకి పోతున్నారు, నచ్చినవాణ్ణి చేసుకుంటున్నారు. పోనీ, సుఖపడనీ. కానీ మేం పైనవాళ్ళకి ఇచ్చుకుంటూ వచ్చాం, మాకు కింద ఇచ్చేవాళ్ళు లేరు. ఆ ముగ్గురే మిగిలారు. వాళ్ళని మానెయ్యమన్నది నేను. కబురు పెట్టాను. ఒకామె మళ్ళీ ఇస్తానంది. మిగతా ఇద్దరూ, "కూలే ఇంటికి ఎందుకక్కా?" అన్నారు. వాళ్ళకెవరో చెప్పారు.

అబద్ధం ఎందుకు చెప్పానంటావా? నువ్వు మా గురించి సర్కారు కాగితాల్లో రాస్తానన్నావు. జీవితమంతా ఇంకొకరి వంటింట్లో గడిపినదాన్ని. ఒక్కసారి మా సొంత ఇంటి గురించి ఎవరో అడిగారు. కూలిపోతోందని ఎలా చెప్పను? బాగుందని చెప్తే నీకు మేలు జరుగుతుందనీ, నీకు మేలైతే అందరికీ అవుతుందనీ అనుకున్నాను. ఇద్దరం ఒకరినొకరు కాపాడుకుందామని చూసి ఊరందరి నోట్లో మట్టి కొట్టాం.

ఇప్పుడు నేను రాసింది రాసినట్టు ఆ కమిటీలో చదివి వినిపించు. ఊక సంగతితో సహా. ఇక నాకు అందులో సిగ్గేం లేదు.

మీ అత్త

*

వాన్‌చాయ్
జులై, 1967

అత్తయ్యకు నమస్కారాలు.

ఈ ఉత్తరం ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఫెర్రీలు ఒక రోజు నడిస్తే ఒక రోజు నడవడం లేదు. కమ్యూనిస్టులకీ సర్కారుకీ మధ్య గొడవలు, సాయంత్రమైతే కర్ఫ్యూ. రోడ్డు మీద కాగితం పొట్లం కనబడితే జనం రెండో వైపుకి పోతున్నారు, బాంబేమోనని. వానల్లేక కుళాయి నాలుగు రోజులకోసారి వస్తోంది, వాయ్-చింగ్ పిల్లల స్నానాల నీళ్ళు కూడా పారబొయ్యడం లేదు. మేం నలుగురం క్షేమమే.

నీ ఉత్తరం చదివి వినిపించాను. ఇంగ్లీషులోకి మార్చి, నిలబడి, ఊకతో సహా. చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ముగించి కాగితాలు మడిచాను. ఫాన్ గారే మొదట అందుకున్నారు. "అంటే ఆ ముసలమ్మ అప్పుడు అబద్ధం చెప్పింది. ఇప్పుడు చెప్పేది నిజమని ఏమిటి నమ్మకం?"

"కొండెక్కి చూడండి" అన్నాను. ఆ మాట గట్టిగానే వచ్చింది.

విట్లాక్ దొర అందర్నీ పంపించి నన్ను ఉండమన్నాడు. కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకున్నాడు. ఆయనా బాగా నలిగిపోయాడత్తయ్యా, ఈ గొడవలు మొదలైన దగ్గర్నుంచీ. "లుయ్, దీన్ని లోపల చేరిస్తే నీ నివేదిక తప్పని నువ్వే ఒప్పుకున్నట్టు. తెలుసుగా?" అన్నాడు. తెలుసన్నాను. "నేను కూడా మోసపోయినట్టే" అన్నాడు. ఔనన్నాను. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఆ పుట్టగొడుగులు కూడా అరువేనా?" అని అడిగాడు. అవి మాత్రం మావాళ్ళవే అన్నాను. "సరే, చేరుస్తాను" అన్నాడు.

ఆయన మాట తప్పలేదు. నీ ఉత్తరాన్ని నివేదిక చివర అనుబంధంలో చేర్చారు. పేరా మాత్రం మార్చలేదు. మార్చే సమయం లేదు, సర్కారుకి ఇప్పుడు వేరే తలనొప్పులున్నాయి. పథకం బీరువాలోకి వెళ్ళింది. కమిటీ లేదు. నన్ను నీళ్ళ పంపిణీ చూసే విభాగానికి మార్చారు, ఏ వీధికి ఏ పూట కుళాయి వదలాలో రాస్తూ కూర్చుంటున్నాను. వచ్చే ఏడాది రావలసిన ప్రమోషన్ రాదు. దాని గురించి నువ్వు బాధపడకు, నేను పడటం లేదు.

ఇప్పుడు ముఖ్యమైన మాట. నువ్వూ కమ్-సో అక్కా ఇక్కడికి వచ్చెయ్యండి. ఇది నేనొక్కణ్ణే అనుకున్నది కాదు. నీ ఉత్తరం వాయ్-చింగ్‌కి చదివి వినిపించాను. ఆమె పిల్లవాడికి పాలు పడుతూ, "ఇంకా ఏమిటి ఆలోచన? ఆ రెండో గదిలో నీ పుస్తకాల పెట్టెలు తీసెయ్" అంది. "పడుకునే మనిషి ఒకరు, నడిచే మనిషి ఒకరు. నాకు చంటివాడొకడు. ఎలాగో చూసుకుందాం. కానీ నువ్వు పొద్దున్నే ఆఫీసుకి పారిపోతానంటే మాత్రం కుదరదు" అని కూడా అంది. ఆ రెండో మాటే నన్ను ధైర్యంగా అడగనిచ్చింది.

అన్న కొడుకు ఇంట్లో చావకూడదంటావు. ఆలోచించాను. ఇది మన పుట్టిల్లు కాదు. మన తాతల పటాలు ఇక్కడ లేవు. సర్కారువారి క్వార్టరు, నేను బదిలీ అయితే ఇంకొకడు వస్తాడు. ఏ దయ్యం వచ్చినా ముందు సర్కారుతో మాట్లాడుకోవాలి.

విట్లాక్ దొర సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నాడు. నిన్న కలిసినప్పుడు, "మీ అత్తగారి సంగతి ఏమవుతుంది?" అని అడిగాడు. మా ఇంటికి తీసుకొస్తున్నానన్నాను. ఆయన మొహం తేటపడింది. "చూశావా, చివరికి కుటుంబమే చూసుకుంటుంది" అని నా భుజం తట్టాడు. మంచి మనసుతోనే అన్నాడు. నేను ఆయనకి శుభప్రయాణం చెప్పి మెట్లు దిగి వచ్చేశాను.

నీ
యిన్

*

లాన్‌టావ్ దీవి
సెప్టెంబరు, 1967

చిరంజీవి యిన్‌కి,

నీ ఉత్తరం ఆలస్యంగా చేరింది. అది వచ్చేసరికి మేం సగం ఖాళీ చేశాం. ఇద్దరు అక్కల్ని కింది మఠంవాళ్ళు ఉంచుకుంటామన్నారు, గుండు చేయించుకుంటే. "ఇన్నేళ్ళు దువ్వుకున్న కొప్పు!" అని ఒకామె రోజంతా ఏడ్చి, తరవాత తనే కత్తెర తెచ్చిచ్చింది. ఇంకొకామెకి చెంగ్‌చావ్‌లో చెల్లెలి కూతురుంది. కున్‌యామ్ తల్లి విగ్రహాన్ని మఠానికే ఇచ్చేశాం. పోయినవాళ్ళ పేర్లు రాసిన పలకలు కూడా. వాటికి అగరొత్తులు వెలిగిస్తామని మాటిచ్చారు, వెలిగిస్తారో లేదో వాళ్ళ ఇష్టం.

నీ క్వార్టరు సంగతి కమ్-సో అక్కకి చెప్పాను. చాలాకాలానికి నవ్వింది. "సర్కారు ఇంట్లో చస్తే సర్కారుకే అరిష్టం. వెళ్దాం పద" అంది. నేనింకా వద్దనే అనుకున్నాను. మూడు రోజులు అనుకున్నాను. నిన్న ఆమెని ఒక పక్కకి తిప్పబోయి తిప్పలేకపోయాను. నా చేతులు వినలేదు. ఇద్దరం అలాగే ఒకరి మీద ఒకరు పడి చాలాసేపు ఉన్నాం. ఆమె తిట్టలేదు. తిట్టకపోయేసరికి నాకు భయం వేసింది.

వస్తున్నాం. పడవలు సరిగ్గా నడుస్తున్నాయని ముయ్‌వోలో చెప్పారు. వచ్చే ఆదివారం పొద్దున నువ్వే రా, బలమైనవాళ్ళని ఇద్దర్ని వెంటబెట్టుకుని. ఆమెని మొయ్యాలి. మఠంవాళ్ళు తలుపుచెక్క ఇస్తామన్నారు గానీ ఆమె ఒప్పుకోవడం లేదు, కుర్చీ తెమ్మంటోంది. వాయ్-చింగ్‌కి చెప్పు, నేను వంట చెయ్యగలను. చంటివాణ్ణి ఎత్తుకోలేను గానీ ఒళ్ళో పడుకోబెడితే జోకొట్టగలను. పొద్దున నువ్వు ఆఫీసుకి పారిపోకుండా కూడా చూస్తాను.

నీ ప్రమోషన్ పోయిందని బాధపడవద్దన్నావు. పడుతున్నాను. నేనేదో చేస్తే తీరేది కాదు కాబట్టి నోరు మూసుకుంటున్నాను.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఆ కమిటీ మళ్ళీ ఎప్పుడో కూర్చుంటుంది. నువ్వో, నీలాంటి ఇంకో కుర్రాడో రాస్తూ ఉంటాడు. అప్పుడు ఎవరైనా మా గురించి అడిగితే, మా అత్తని ఇంట్లో పెట్టుకున్నానని చెప్పకు. వేరే ఆసరా ఏదీ లేక పెట్టుకోక తప్పలేదని చెప్పు.

మీ అత్త
తోయ్-హా